కర్నూలు, కడప సీమ సైనిక కుటుంబాల వినతిపత్రం

కర్నూలు, నంద్యాల, వై.ఎస్.ఆర్. కడప జిల్లాల కలెక్టర్లు, జిల్లా సైనిక బోర్డుల అధ్యక్షుల వారి సముఖమునకు,

విషయం: యుద్ధం నుంచి ఇంటికొచ్చినవాళ్ల, రాలేకపోయినవాళ్ల బతుకులను రాసిపెట్టించడం, ఆ రాత లేక ఆగిపోతున్న పింఛను, వైద్యం, న్యాయం గురించి.



1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతోంది. ఆ రోజు మమ్మల్ని కార్యాలయానికి పిలిచి శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు. ఈ ఏడు శాలువాలు మానేసినా మేమేమీ అనుకోం. ఈ కాగితాన్ని మాత్రం చివరిదాకా చదవమని మనవి.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్ మీద, దాదాపు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనం పోస్టును మంచుచరియ కప్పేసింది. అక్కడున్నది మద్రాస్ రెజిమెంటు 19వ బెటాలియన్ జట్టు, పదిమంది. ధార్వాడ జిల్లా లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ఊపిరితో దొరికి, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆయన పేరు దేశమంతా విన్నది. అదే మంచుకింద బండి ఆత్మకూరు మండలం పార్నపల్లె సిపాయి ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. మే నెలలో రాయి పగిలే ఎండకాసే నల్లరేగడి నేలనుంచి వెళ్లి, 1984 ఏప్రిల్ నుంచి సైన్యం దిగకుండా కాస్తున్న ఆ మంచుమీద ప్రాణం విడిచాడు. నంద్యాల జిల్లాలోనే ఏ బడిలోనైనా ఆ పేరు అడిగి చూడండి. పిల్లలకు తెలియదంటే తప్పు వాళ్లది కాదు, చెప్పే పుస్తకం లేదు.

మా పిల్లలు మిలిటరీకి ఎందుకు పోతారో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆదోని, కోసిగి వైపు పంట ఎండితే సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు పోతారు. కాళ్లలో సత్తువ, చేతిలో పదో తరగతి సర్టిఫికెట్ ఉన్నవాడు రోజూ తెల్లవారుజామున రోడ్డుమీద పరుగు తీసి సైనిక భర్తీ ర్యాలీకి పోతాడు. దేశభక్తి లేదనడం లేదు. అదీ ఉంది, బోరు ఎండిపోయిన సంగతి కూడా ఉంది. మా కథ రాసేవాళ్లు ఈ రెండోదాన్ని దాచొద్దు.

ఇక అసలు బాధ. సైన్యంలో కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. జవాను పెళ్లి చేసుకున్నా, బిడ్డ పుట్టినా యూనిట్‌లో పార్ట్-2 ఆర్డరు పడాలి. బార్డరులో ఉన్నప్పుడో, బదిలీ హడావిడిలోనో అది పడకపోతే, ఆయన పోయాక భార్య తాను భార్యనని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. సర్వీసు రికార్డులో లక్ష్మీదేవి, ఆధార్‌లో లక్ష్మీదేవమ్మ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పుట్టిన తేదీ బడిలో అయ్యవారు వేసింది. ఇంతమాత్రానికి వెల్లింగ్టన్‌కో, నాసిక్‌కో, జబల్‌పూర్‌కో రికార్డు ఆఫీసులకు ఉత్తరాలు రాయాలి, ప్రయాగ్‌రాజ్ పింఛను ఆఫీసు నుంచి జవాబుకోసం చూడాలి. ఇప్పుడు పింఛనంతా స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి పోయింది. ఏడాదికోసారి బతికే ఉన్నామని అందులో నమోదు చేయించకుంటే పింఛను ఆగుతుంది. వేలిముద్ర అరిగిపోయిన ముసలమ్మ ఊళ్లో, ఓటీపీ వచ్చే ఫోనేమో బెంగళూరులో ఉన్న కొడుకు దగ్గర. కాబట్టి, ప్రతి గ్రామ సచివాలయంలో ఒకరికి స్పర్శ్ పనిమీద శిక్షణ ఇప్పించండి. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, బద్వేలులో నెలకొకసారి సైనిక సంక్షేమ అధికారి స్వయంగా వచ్చి కూర్చునే రోజు ప్రకటించండి. పేర్ల తేడాలకు తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రానికి గడువు పెట్టండి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఒంటిమీద గాయం కనపడుతుంది కాబట్టి ఫైలుకెక్కుతుంది. ఫిరంగుల దగ్గర పనిచేసి చెవుల్లో హోరు తెచ్చుకున్నవాడు, శ్రీలంకలో 1987 నుంచి 90 దాకా మందుపాతరల దారుల్లో నడిచొచ్చి నేటికీ చీకట్లో చేనికి పోలేనివాడు ఏ ఫైల్లో ఉంటారు? డిశ్చార్జి నాటి మెడికల్ బోర్డు ముందు ఎవరూ నోరు విప్పరు. విప్పితే ఇంటికి పోవడం ఆలస్యమవుతుందని ఒక భయం, పిచ్చి అంటారని మరొకటి. తర్వాత వైకల్య పింఛను అడిగితే, జబ్బు సేవవల్ల వచ్చిందా, సేవలో ముదిరిందా అని రికార్డు వెతుకుతారు. రికార్డులో మౌనమే ఉంటుంది. ఊళ్లో మాత్రం తాగుబోతు మిలిటరీవాడు అన్న పేరు మిగులుతుంది. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో వారానికొక పూట మాజీ సైనికులకు, వాళ్ల ఇంటివాళ్లకు తెలుగులో మాట్లాడే మానసిక వైద్యుణ్ణి కేటాయించండి. టెలి మానస్ 14416 నంబరు ఉందని, సైన్యంకోసం పుణెలో 2023లో ప్రత్యేక విభాగం పెట్టారని మా భార్యలకు చెప్పినవాళ్లు లేరు. ముందు వాళ్లకే చెప్పాలి. రాత్రిపూట కేకలు వినేది వాళ్లు.

మేం అన్నిటికన్నా గట్టిగా అడిగేది ఇప్పుడు చెప్పేదే. 1800లో ఈ సీమ చాలావరకు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాక కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, పెద్దల నోట విని ఊళ్ల చరిత్రలను కైఫియత్తులుగా రాసుకున్నారు. ఆ మెకంజీ కూడా మిలిటరీవాడే. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. అంతకంటే వెనక్కి పోతే, ఆవులమందను కాపాడబోయి చచ్చినవాడికి కూడా వీరగల్లు నిలిపిన నేల ఇది. అటువంటిచోట 1962 యుద్ధం చూసినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. 1971లో ఇరవై ఏళ్లున్నవాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. కార్గిల్‌కు పోయొచ్చినవాళ్లు కూడా మనవళ్లను ఎత్తుకుంటున్నారు. వీళ్ల మాట ఒక్క పేజీ అయినా తెలుగులో భద్రపరిచిన చోటు మా జిల్లాల్లో చూపించండి.

అందుకని బ్రౌన్ కేంద్రం, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం కలిసి సైనిక కైఫియత్తులు రాయించాలి. ఎట్లా రాయాలో కూడా మా మనసులో మాట చెబుతాం. పతకాలు వచ్చినవాళ్లనే వెతకొద్దు. వంటవాడు, డ్రైవరు, కంచరగాడిదల్ని తోలినవాడు, అందరూ చెప్పాలి. భయపడ్డామని చెబితే కొట్టేయొద్దు. ఏడాదికి రెండు నెలలు మాత్రమే మొగుణ్ణి చూసి, అప్పులు, సేద్యం, అత్తమామల్ని ఒంటిచేత్తో ఈడ్చిన ఆడవాళ్ల మాట వేరుగా రాయాలి. వాళ్లది వెనకపేజీల్లో వేసే అనుబంధం కాకూడదు. సైన్యం గుట్టు బయటపడే చోట్లు, పేర్లు వదిలేయొచ్చు. ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఏదీ అచ్చు కావొద్దు. రాసుకునే మనిషి పక్కన డిశ్చార్జి పుస్తకం చదవగల మరో మనిషిని కూర్చోబెట్టండి. చెప్పినదానిలో ఏది రికార్డుకెక్కలేదో అక్కడికక్కడే తేలిపోతుంది, దరఖాస్తు కూడా అక్కడే తయారవుతుంది.

దరఖాస్తు తిరిగొస్తే కోర్టు. మా కోర్టు సాయుధ దళాల ట్రిబ్యునల్, అది చెన్నైలో ఉంది. కర్నూలులో ఏడాదికి రెండు విడతలైనా విచారణ పెట్టమని ప్రభుత్వం తరఫున రాయండి. సైనిక కుటుంబాల న్యాయసాయానికి 2025 జూలై 26న మొదలైన వీర్ పరివార్ సహాయత యోజన కింద, జిల్లా సైనిక బోర్డులోనే వకీలు కూర్చునే రోజులేవో గోడమీద రాయించండి.

అగ్నివీరుల సంగతి తొందరగా తేలాలి. 2022 చివర్లో చేరిన మొదటి జట్టుకు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. నూటికి 25 మంది వరకే సైన్యంలో ఉంటారు. మిగతావాళ్లకు పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ వైద్య కార్డు లేదు. 2025 మే 9న సరిహద్దులో ప్రాణమిచ్చిన గోరంట్ల మండలం కల్లితండా మురళీనాయక్ అగ్నివీరుడే. రాష్ట్రం ఆ కుటుంబానికి 50 లక్షలు, 5 ఎకరాలు, 300 గజాల స్థలం, ఉద్యోగం ప్రకటించింది. మంచి పని చేసింది. టీవీలు వచ్చినచోటే కాకుండా, శిక్షణలో పోయినా మంచులో పోయినా అదే కొలత ఉండాలన్నది మా మనవి. అగ్నివీరుల కుటుంబాలకు మామూలు సైనికుల కుటుంబాలతో సమానంగా ఇవ్వాలని రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీసంఘం 2024లోనే సిఫారసు చేసింది. దాన్ని అమలుచేయాలని కేంద్రానికి రాయండి. తిరిగొచ్చేవాళ్లకు పోలీసు, అటవీ, అగ్నిమాపక కొలువుల్లో వాటా మాటల్లో కాకుండా నోటిఫికేషన్‌లో కనపడాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వాళ్ల పేర్లకు ఒక రిజిస్టరు ఇప్పుడే తెరవండి.

వచ్చే సైనిక బోర్డు సమావేశంలో ఈ వినతిని చర్చకు పెట్టి, ఒప్పుకున్నవేవో, కుదరవన్నవేవో, ఎందుకు కుదరవో తెలుగులో రాతపూర్వకంగా ఇప్పించగలరు. కుదరదన్న జవాబుకైనా ఫైలు నంబరు, తేదీ వేయించండి.

ఇట్లు,
కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మాజీ సైనికులు, వీరనారీమణులు, సైనికుల తల్లిదండ్రులు

జతపరిచినవి: సంతకాలు, వేలిముద్రల పత్రాలు, కైఫియత్తు చెప్పడానికి ఒప్పుకున్నవారి పేర్లు, ఊళ్లవారీగా.