ఏమిటి అన్నది సగం ప్రశ్నే

పిల్లలూ! మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ నాన్న పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పని చేస్తాడు. “పెద్దయ్యాక కెమిస్ట్రీ చదువుతావా?” అని ఒకరోజు వాణ్ణి అడిగాను. “కెమిస్ట్రీల ఏముంది సార్? పేర్లు బట్టీ పట్టుడు, కంపెనీల డ్రమ్ములు మోసుడే గద!” అన్నాడు. తరగతంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట వాడికి నేర్పింది మావంటి ఉపాధ్యాయులమే కదా అనిపించింది.

పాతికేళ్ళకు పైగా పాఠం చెబుతున్నాను. “ఇది ఏ పదార్థం? దీని ఫార్ములా ఏమిటి?” అని వేలసార్లు అడిగి ఉంటాను. “దీనిలో అణువులు ఎలా అమరి ఉన్నాయి?” అని అడిగింది బహు తక్కువ. వజ్రం, గ్రాఫైటు రెండూ కార్బనే అని చెప్పే రోజున మాత్రం అమరిక గుర్తుకు వస్తుంది. మర్నాడు మళ్ళీ మరిచిపోతాం. ఇది చిన్న పొరపాటు కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

ఈనాడు చాలా ఫోన్ల తెరలు ఓఎల్ఈడీ రకానివి. వాటిలో వెలుగునిచ్చేది ఆర్గానిక్ అర్ధవాహకాల పొర. ఆర్గానిక్ అంటే ఇక్కడ రసాయన ఎరువులు వేయని పంట అని కాదు. కర్బన అణువులతో తయారైనదని అర్థం. ఆ పొర ఎంత పలుచన అనుకున్నారు? మొత్తం పొరలన్నీ కలిసి కొన్ని వందల నానోమీటర్లు. తల వెంట్రుక మందమే ఎనభై వేల నానోమీటర్ల దాకా ఉంటుంది!

ఇంత పలుచని పొరలో విద్యుదావేశం ఎలా ప్రయాణం చేస్తుంది? బడి తోటకు నీళ్ళు పోయడానికి మీరు బోరింగు నుంచి మొక్కల దాకా వరుసగా నిలబడి బకెట్లు అందించుకుంటారు చూడండి, దాదాపు అలాగే. ఒక అణువు నుంచి పక్క అణువుకు ఆవేశం చేతులు మారుతూ పోతుంది. అందరూ దగ్గరగా, ఎదురెదురుగా నిలబడితే బకెట్టు జోరుగా సాగుతుంది. ఒకడు వీపు తిప్పినా, ఇంకొకడు ఎడంగా నిలబడినా అక్కడే ఆగిపోతుంది. మనుషులు వాళ్ళే, బకెట్టు అదే. మారింది వరుస ఒక్కటే.

ఇది కట్టుకథ కాదు, కొలిచి చూసిన సంగతి. రూబ్రీన్ అనే పదార్థపు స్ఫటికంలో ఆవేశం ఒక దిశలో ఎంత సులువుగా కదులుతుందో, దానికి అడ్డ దిశలో అందులో మూడో వంతు కూడా కదలదని 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు పెంటసీన్ జాతి పదార్థాన్ని ద్రావణంగా చేసి, పలకమీద ఒక బిళ్ళతో ఒకే దిశలో లాగుతూ ఆరబెట్టారు. లాగే వేగాన్ని మార్చితే అణువుల మధ్య దూరం 3.33 ఆంగ్‌స్ట్రాముల నుంచి 3.08కి తగ్గింది. ఆవేశం కదిలే సులువు అయిదు రెట్లకు పైగా పెరిగింది. ఫార్ములాలో ఒక్క పరమాణువు కూడా మారలేదు సుమా!

అలాగని అన్ని పనులకూ ఒకే వరుస పనికిరాదు. ట్రాన్సిస్టరులో కరెంటు పొర వెంబడి అడ్డంగా సాగాలి. కనుక బల్లపరుపు అణువులు బీరువాలో పుస్తకాల్లా నిలువుగా ఉంటే మేలు. సౌరఘటంలో కరెంటు కింది నుంచి పైకి పోవాలి. అక్కడ అవి పళ్ళేల దొంతరలా పడుకుని ఉంటే మేలు. ఓఎల్ఈడీలోనూ అణువులు పడుకుని ఉంటేనే వెలుగు ఎక్కువగా బయటికి వస్తుంది. ఆవిరిగా మార్చిన అణువులు వచ్చి పడే పలక వేడిని మార్చి, అవి నిలబడాలో పడుకోవాలో నిర్ణయించవచ్చునని 2015లో మరికొందరు అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. బిళ్ళల వంటి అణువులు నాణేల దొంతరలా పేరుకుని కొత్త రకం ద్రవ స్ఫటికాలు అవుతాయని 1977లో మొదట కనిపెట్టినది బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు. అలాంటి దొంతరల్లో ఆవేశం చక్కగా సాగుతుందని తర్వాత తేలింది. పటాన్‌చెరులో బస్సెక్కి లింగంపల్లి దాటితే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం వస్తుంది. అక్కడ ముప్ఫయి ఏళ్ళు పనిచేసిన గౌతమ్ దేశిరాజు, స్ఫటికాల్లో అణువులను కోరినట్టు అమర్చే విద్యపై 1989లో రాసిన పుస్తకం ప్రపంచమంతటా పేరు పొందింది. ఇటు సంగారెడ్డి వైపు వస్తే కంది దగ్గర ఐఐటీ ఉండనే ఉంది.

మరి మన మందుల కంపెనీలకు ఈ అమరికతో పని లేదా? ఎందుకు లేదు! రిటోనవిర్ అనే ఎయిడ్స్ మందును 1998లో కొంతకాలం క్యాప్సూల్ రూపంలో అమ్మకుండా ఆపవలసి వచ్చింది. అణువు అదే. కానీ కొత్త తరహా స్ఫటికంగా పేరుకోవడం వల్ల సరిగా కరగడం మానేసింది.

“హైస్కూలు పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ? పరీక్షలో రావు కదా!” అంటారు కొందరు. పెంటసీన్ పేరు రాకపోతే పోనివ్వండి. కానీ పదార్థం ఏమిటి అన్నది సగం ప్రశ్నే, ఎలా అమరింది అన్నది మిగతా సగం. ఈ రెండో సగం అడగకుండా పిల్లవాణ్ణి బడి దాటించడం అన్యాయం. మొదటి సగానికి జ్ఞాపకం చాలు. రెండోదానికి కళ్ళు, చేతులు, ఆలోచన కావాలి. శాస్త్రం రుచి తెలిసేది అక్కడే. దీనికి పెద్ద ప్రయోగశాల కూడా అక్కరలేదు.

ఒక పాత వార్తాపత్రిక తీసుకోండి. పై అంచు నుంచి కిందికి చింపండి. తర్వాత పక్క అంచు నుంచి అడ్డంగా చింపండి. ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, మరో దిశలో వంకరటింకరగా పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు యంత్రం తడి గుజ్జును ఒకే దిశలో లాగుతూ పోతుంది. పీచులు చాలావరకు ఆ దిశకే తిరిగి ఆరిపోతాయి. స్టాన్‌ఫర్డ్ వారు అణువులతో చేసినదీ ఇంచుమించు ఇదే!

ఈ ప్రయోగం మా తరగతిలో చేయించాను. ఆ అబ్బాయి నాలుగు పేపర్లు చింపి చూశాడు. మర్నాడు వచ్చి, “సార్, మా నాయిన్ని అడిగిన. రియాక్టర్ల మందు గబగబ చల్లార్చితే సన్నపొడి అయితదంట, వడగడితే గుడ్డకు అడ్డం పడ్తదంట. నెమ్మదిగ చల్లార్చితే మంచి పలుకు వస్తదంట. అది గూడ వరుసేనా సార్?” అన్నాడు.

అదీ వరుసే నాయనా! తొందరపెడితే అణువులు ఎక్కడివక్కడ చిన్న చిన్న గుంపులు కడతాయి. వ్యవధినిస్తే ఒకే వరుసలో పెద్ద స్ఫటికంగా పేరుకుంటాయి. డ్రమ్ములు మోసే మీ నాన్నకు ఈ సంగతి చేతుల్లో ఉంది. దాన్ని ప్రశ్నగా మార్చి తెచ్చినవాడివి నువ్వు.

పిల్లలూ, రేపు మీ సారు ఏదైనా పదార్థం పేరు, ఫార్ములా చెప్పగానే వినయంగా లేచి నిలబడండి. “దీనిలో అణువులు ఎలా అమరి ఉన్నాయి సార్?” అని అడగండి. ఆయనకు వెంటనే జవాబు తోచకపోవచ్చు. నాకూ చాలాసార్లు తోచలేదు. అప్పుడు ఇద్దరూ కలిసి వెతకండి.