వరుస తప్పితే ఎడిటర్ చెబుతుంది

పరీక్ష పేపరుకు చేతిరాత ఎలాంటిదో, ప్రోగ్రాంకు ఇండెంటేషన్ అలాంటిది. అంటే పంక్తి మొదట్లో ఎంత జాగా వదలాలి, ఏ పంక్తి దేని కిందకు రావాలి అనే పద్ధతి. ఈనాటి ఎడిటర్లు చాలావరకు ఎంటర్ నొక్కగానే ఆ జాగాను తామే వదులుతాయి. దీనివల్ల నేర్చుకునేవాళ్లు సోమరులవుతారని, స్పేసులు చేత్తోనే కొట్టాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఈ సౌకర్యాన్ని మొదటిరోజు నుంచే వాడాలి, కాకపోతే గమనిస్తూ వాడాలి అని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూడండి. పైథాన్ 3లో పేర్లు తెలుగులోనూ రాయవచ్చు.

మొత్తం = (తెలుగు + హిందీ + ఇంగ్లీషు
          + గణితం + సైన్స్ + సోషల్)
సగటు = మొత్తం / 6

మొదటి పంక్తిలో బ్రాకెట్ తెరిచాం, ఇంకా మూయలేదు. కాబట్టి ఎడిటర్ రెండో పంక్తిని బ్రాకెట్ లోపలి మొదటి పదం కిందకు తెస్తుంది. బ్రాకెట్ మూస్తే మూడో పంక్తి ఎడమ అంచుకు వస్తుంది. మూయడం మరిచామా, అదీ లోపలికే జరుగుతుంది. పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్‌లోనే దీన్ని పరీక్షించి చూడవచ్చు.

పాత పైథాన్ ఇలాంటి తప్పుకు తరచుగా తర్వాతి పంక్తిని చూపించేది. 2021లో వచ్చిన 3.10 నుంచి మూయని బ్రాకెట్‌నే చూపిస్తోంది. అయినా ఆ సందేశం వచ్చేది ప్రోగ్రాం నడిపాక, అదీ ఇంగ్లీషులో. తెలుగు మీడియంలో చదివి, ఒక్క కంప్యూటర్ దగ్గర వంతు కోసం ఎదురుచూసే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రతి నిమిషం విలువైనదే. పంక్తి పక్కకు జరిగిందని తెలుసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, ట్యూషన్ అక్కర్లేదు.

అయితే ఎడిటర్‌కు అన్నీ తెలియవు. పైథాన్‌లో బ్రాకెట్ లోపలి జాగాకు అర్థం లేదు, అది చూపు కోసమే. బయటి జాగాకు అర్థం ఉంది. షరతు కింద ఎన్ని పంక్తులు ఉండాలో తేల్చాల్సింది మనమే. సీ భాషలో దీనికి భిన్నంగా బ్రాకెట్లే అర్థం చెబుతాయి, జాగా ఏమీ చెప్పదు. 2014లో యాపిల్ ఫోన్లలో, కంప్యూటర్లలో బయటపడిన భద్రతా లోపం ఇలాంటిదే. సీలో రాసిన ఆ ప్రోగ్రాంలో ఒకే పంక్తి రెండుసార్లు పడింది. రెండోది షరతు కిందే ఉన్నట్టు కనిపించింది, నిజానికి లేదు. దాంతో ముఖ్యమైన తనిఖీ జరగకుండానే పోయింది. ఎడిటర్ చేత ఆ భాగాన్ని మళ్లీ సర్దించి ఉంటే రెండో పంక్తి ఎడమకు జరిగి తప్పు కంటబడేది. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్ నుంచి ఇలాంటి మోసపు వరుసలపై హెచ్చరిక కూడా వస్తోంది.

కాబట్టి మిత్రులారా, పంక్తి మీరు అనుకోని చోటికి జరిగితే విసుక్కుని బ్యాక్‌స్పేస్ కొట్టకండి. ఒక్క క్షణం ఆగి పై పంక్తి చూడండి. మీరు రాశామనుకున్నది ఒకటి, నిజంగా రాసింది మరొకటి అని ఎడిటర్ చెబుతూ ఉండవచ్చు.

– ఒక పూర్వ విద్యార్థి