ఎఱ్ఱదీపమును జూచి యూరకుండరాదు

యాలాల్ ప్రాంతమునఁ గందులు పండించు కుటుంబముల పిల్లలకు మూటల లెక్క క్రొత్తది కాదు. ఒక రైతు మూఁడు గదులలోని మూటలను మూఁడు పుస్తకములలో 12, 15, 9 అని వ్రాసి, మొత్తము 36 అని నాలుగవ పుస్తకములో వ్రాసెననుకొందము. రెండవ పుస్తకము పోయినను, 36లో 12ను 9ని తీసివేయఁగా 15 మరల దొరకును. రెండు పుస్తకములు పోయినచో నీ యుపాయము సాగదు.

కంప్యూటరు డిస్కుల కూటమికిని మూలసూత్ర మిట్టిదే. 1988లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమువారగు పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు దీనిని ‘రెయిడ్’ అను పేర వివరించిరి. అందలి గణనము కూడికకంటె వేఱయినను ఫలిత మొక్కటియే. రెండు డిస్కుల నష్టమునకు నోర్చు కూటములును గలవు. కాని వానికిని హద్దు కలదు.

మా యెఱుకలో నొకచోట నాలుగు డిస్కుల పెట్టెలో మార్కుల పట్టికలును, పిల్లల చిత్రములును దాఁచియుండిరి. ఒక డిస్కు చెడి యెఱ్ఱదీపము వెలిఁగెను. పని సాగుచునే యున్నందున నెవరును బట్టించుకొనరైరి; మేమును జూచి యూరకుంటిమి. కొన్ని నెలలకు రెండవదియుఁ జెడెను. అదృష్టవశమున దానిలోఁ గొన్ని భాగములు మాత్రమే చదువరాకుండెను. పని తెలిసినవారు వచ్చి, పెట్టెను ఆపి, ప్రతి డిస్కు స్థానమును గుర్తించి, చదువవచ్చినంతవఱకు వేఱు డిస్కులలోనికి నకలు తీసి, ఆ నకళ్లపైననే ప్రయత్నము చేసిరి. పట్టికలు దక్కినవి. చిత్రములలోఁ గొన్ని దక్కలేదు. తొందరపడి యసలు డిస్కులపై నేమైన వ్రాసియుండినచో నంతయుఁ బోయెడిది.

కూటమి యున్నది గదా, వేఱు ప్రతి యేల యనువారు గలరు. ఇది పొరపాటని మా దృఢమైన యభిప్రాయము. కూటమి పని యాగకుండఁ జూచును; అంతకు మించి కాపాడదు. పొరపాటున దేనినైనఁ జెఱిపివేసిన నది కూటమి యంతటఁ జెఱిగిపోవును. అగ్నియైనను, కాగ్నా వఱదయైనను నాలుగు డిస్కులను నొక్కసారిగాఁ గొనిపోవును. బ్రౌను దొర కడపలోఁ బండితులచేఁ దాళపత్రప్రతులను సరిచూపించి మన కావ్యములను నిలిపెను. ఒక ప్రతిలోని లోపమును వేఱొక ప్రతి తీర్చఁగలుగుటకుఁ గారణము, అవి వేర్వేఱు ఇండ్లలో నుండుటయే గదా!

కావున తల్లిదండ్రులారా, బాలబాలికలారా, విలువగల దానికి రెండవ ప్రతిని వేఱొక చోట నుంచుఁడు. అప్పుడప్పుడు దానిని దెఱచి చూడుఁడు. తెఱచి చూడని ప్రతిని నమ్మరాదు. ఎఱ్ఱదీపము వెలిఁగిననాఁడే, పని సాగుచున్నను, పెద్దలకుఁ దెలుపుఁడు. మేము తెలుపలేదు, ఆ చిత్రములు మరల రావు.