జెండా గద్దె ముందు మన ఋణం

కాళేశ్వరం సంగమం దగ్గర నిలబడి చూస్తే నదికి అవతల సిరొంచ. 1947 ఆగస్టు 15న ఆ ఒడ్డు స్వతంత్రమైంది. అది నాటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లా కనుక, అర్ధరాత్రి మోగిన స్వేచ్ఛాశంఖం అక్కడివారి కోసమూ మోగింది. ఇవతల మన మహదేవపూర్ మాత్రం నిజాం ఏలుబడిలోనే మిగిలింది. ఒకే గోదావరి నీళ్లు తాగే జనం, ఒకే ముక్తీశ్వరుని గుడికి వచ్చే జనం. ఒక ఒడ్డున మువ్వన్నెల జెండా గౌరవం, మరో ఒడ్డున అదే జెండా నేరం. ఆ చీకటి తొలగడానికి 1948 సెప్టెంబర్ 17 దాకా, పదమూడు నెలలు పట్టింది.

ఆ వెలుగు ఊరకే రాలేదు. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జెండా ఎగరేసిన పాపానికి బత్తిని మొగిలయ్య నిజాంకు కొమ్ముకాసే రజాకార్ల చేతిలో నేలకొరిగాడు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎత్తుదామని చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తరలివస్తే వారిమీద తూటాలు కురిశాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు విడిచారు. వాళ్లు అడిగినదేమిటి? రాజ్యమా, సింహాసనమా? ఒక గుడ్డను ఒక కర్రకు కట్టి ఆకాశానికి చూపే హక్కు! భూపాలపల్లి నుంచి హనుమకొండకు పోయే బస్సు పరకాల మీదుగానే పోతుంది. ఆ అమరుల స్మారకమైన అక్కడి అమరధామంలో ఒక్కసారైనా అడుగుపెట్టినవాళ్లం మనలో ఎందరం?

ఇక ఈనాటి మన తీరు చూడండి. ఆగస్టు 15 అంటే సెలవు. పక్కన ఆదివారం కలిసొస్తే మరీ సంబరం. తెల్లవారగానే బడిపిల్లలు గొంతు చించుకుని జై కొడుతూ ప్రభాత భేరి తీస్తుంటే, పెద్దలం అరుగుమీద కూర్చుని ఫోన్లో మూడు రంగుల స్టేటస్ పెట్టుకుంటాం. జెండా వందనానికి ఉద్యోగి హాజరు కోసం వస్తాడు, నాయకుడు ఫొటో కోసం వస్తాడు, మిగిలినవారు రానే రారు. మర్నాడు మోరీల్లో కాగితపు జెండాలు తేలుతుంటాయి. వాటిని వంగి ఏరే పారిశుద్ధ్య కార్మికురాలికున్న శ్రద్ధ మన డిగ్రీలకు లేకపోయింది. చదువుకున్నవాళ్లమే ముందుగా తల దించుకోవాలి.

మనలో దేశభక్తి నశించిందా? అలా అనలేను. నశించింది కృతజ్ఞత. మనిషి ఋణాలతోనే పుడతాడని మన పెద్దలు చెప్పారు: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. స్వాతంత్ర్యాన్ని ఆ వరుసలో నిలపవలసిన మనం దాన్ని తాతల ఆస్తిగా లెక్కగట్టాం. ఆస్తి అనుకున్నవాడి చూపు తన వాటా మీదే ఉంటుంది. నాకేం వచ్చింది, నాకెంత వచ్చింది అన్న ప్రశ్న మన నాలుకల మీద నిత్యం ఆడుతోంది. నేనేం ఇచ్చాను అని అడిగే గొంతు ఏ ఇంట వినిపిస్తోంది?

అందుకే అంటున్నాను, ఒక్కసారి భూపాలపల్లి పరేడ్ మైదానానికి స్వయంగా వెళ్లి నిలబడండి. ఢిల్లీ కవాతును టీవీలో చూడటం వేరు, మన జిల్లా బిడ్డలు చెమటలు కక్కుతూ అడుగులో అడుగు వేసి మన ముందు నుంచి నడిచిపోవడం వేరు. ఆ మైదానంలో నిలబడిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. 2023 జూలై 27న మొరంచవాగు విరుచుకుపడి మొరంచపల్లిని ముంచెత్తినప్పుడు, ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్న జనం కోసం సైన్యం హెలికాప్టర్లు వచ్చాయి, విపత్తు దళాల పడవలు వచ్చాయి. మూడు వారాలు తిరగకముందే ఆగస్టు 15 వచ్చింది. యూనిఫాం విలువ ఏమిటో ఆ ఊరికి వేరే ఉపన్యాసం కావాలా? ఆ మైదానంలో మంత్రిగారి ప్రసంగం ముగియగానే మనం కుర్చీలు ఖాళీ చేసి లేచిపోతాం. అసలు పండుగ ఆ తర్వాతే మొదలవుతుంది. వానలో స్తంభమెక్కిన లైన్‌మన్, వాగు దాటి మందులు మోసిన ఏఎన్ఎం ఒక్కొక్కరుగా వచ్చి ప్రశంసాపత్రం అందుకుంటుంటే చప్పట్లు కొట్టే చేతులు కరువవుతాయి. ఆ చేతులు మనవి కావా?

ఋణం తీరడానికి చప్పట్లు మాత్రమే చాలవు. మన మహదేవపూర్ మండలంలోనే మేడిగడ్డ ఉంది. 2019 జూన్ 21న ప్రారంభమైన అక్కడి బ్యారేజీలో కొన్ని పియర్లు 2023 అక్టోబర్‌లో కుంగిపోయాయి. తప్పెవరిదో తేల్చడం విచారణ సంఘాల పని, న్యాయస్థానాల పని. మన అంతరాత్మను మనం అడగవలసిన ప్రశ్న మరొకటుంది. ఇది నా పని, నా దేశం పని, దీన్ని లోపం లేకుండా చేయాలి అనే ధర్మబుద్ధి ఈ సమాజంలో ఎంత మిగిలింది? బడికి వేళ మీరి వెళ్లే ఉపాధ్యాయుడు, ధాన్యం తూకంలో తరుగు దొంగిలించే వ్యాపారి, ఓటుకు నోటు పుచ్చుకునే మనం, ఆ నోటు పంచే మనవాళ్లు! ఆ పగులు నదిలో మొదలైందా, మనలో మొదలైందా?

అయినా నేను నిరాశపడను. తుపాకులు ఎదురుగా ఉన్నా జెండా చేతబట్టి నడిచినవారి మనుమలం మనం. ఆ నెత్తురు ఇంత త్వరగా చల్లబడదు. వచ్చే జనవరి 26న పిల్లల చేయి పట్టుకుని మైదానానికి వెళదాం. దారిలో మొగిలయ్య కథ చెబుదాం. చివరి ప్రశంసాపత్రం ఇచ్చేదాకా నిలబడదాం. తిరిగి వస్తూ నేలరాలిన జెండాలను మన చేతులతో ఏరుదాం. పరకాల మనకు దూరమేమీ కాదు. సెప్టెంబర్ 2న తన తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లే పంతులమ్మ ప్రతి బడిలో ఒక్కరైనా ఉండరా? తప్పక ఉంటారు. ఆమెకు బస్సు కిరాయి మనం ఇద్దాం.