ఆహారవిద్యకు ఆదరణ మెప్పుడు?

ఇంటర్మీడియేటు పరీక్షాఫలితములు వెలువడిన దినములలో మన పట్టణములందు వినవచ్చు ప్రసంగము ఏటేట నొక్కటియే. ఎవరి కుమారునకు ఇంజనీరింగు కళాశాలలో స్థానము దొరకినది, ఎవరి కుమార్తెకు వైద్యకళాశాలలో స్థానము తప్పిపోయినది అను లెక్కలే యెల్లెడల వినబడును. ఈ లెక్కలలో ఆహారపోషణశాస్త్రమునకు చోటు లేదు. ఎవరైన నా పేరెత్తిరేని, "వైద్యమునకు స్థానము రాలేదు గాబోలు" నని యొకరును, "వంట నేర్చుకొనుటకు విశ్వవిద్యాలయ మెందులకు?" అని మఱియొకరును నవ్వుదురు. ఈ నవ్వు తెలియమివలన బుట్టినది. దీనిమూలమున దేశమునకు కలుగుచున్న నష్టము స్వల్పము కాదు గనుక, నేడు పాఠకుల దృష్టిని ఈ విషయమువైపు మరల్చుట మా విధియని తలంచుచున్నాము.

ముందుగా మన యింటి స్థితిని చూతము. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున నూటికి 57.6. ఐదేండ్లలోపు శిశువులలో వయస్సునకు తగిన యెత్తు పెరుగనివారు ఆంధ్రప్రదేశమున నూటికి 31.2, తెలంగాణమున 33.1. కృష్ణా గోదావరులు పారు నేలలో, ఇతర రాష్ట్రములకు బియ్యము పంపు నేలలో, స్త్రీలలో సగమునకు మించినవారు నెత్తురు చాలక శుష్కించుచున్నారు. మూడవవంతు శిశువులు ఎదుగక నిలిచిపోవుచున్నారు. ఇది యొకవైపు. మఱియొకవైపు, భారత వైద్యపరిశోధనమండలి పక్షమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన మన దేశమున మధుమేహరోగుల సంఖ్య 10 కోట్లు దాటినదని తెలిపినది. చాలని తిండి యొక చేతను, తగని తిండి యొక చేతను జాతిని పీడించుచున్నవి. ఒక్కొక్కప్పుడు ఈ రెండును ఒకే యింట, ఒకే పంక్తిలో కూర్చుండుట గలదు.

ఇట్టి విపత్తు మనకు క్రొత్తది కాదు. దానిని శాస్త్రము జయించిన చరిత్రయు క్రొత్తది కాదు. ఉత్తరసర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి చిరకాలము పట్టి పీడించెను. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు దిగి, గుండె బలము తప్పి జనులు మరణించుచుండిరి. చూచుటకు బొద్దుగా నున్న పాలబిడ్డలు ఆకస్మికముగ ప్రాణములు విడుచుచుండిరి. గ్రహపీడయని తలంచినవారు తలంచిరి. కాని కారణము గ్రహములలో లేదు, బియ్యపు మిల్లులో నున్నది. పచ్చిబియ్యమును తెల్లగా మరపట్టించి, పలుమార్లు కడిగి, గంజి వార్చి తినువారికి తవుడుతోను నీటితోను థయమిన్ అను జీవకము పోవుచుండెను. ఇరుగున నున్న తమిళజిల్లాల వారు ధాన్యమును ముందుగా నుడికించి యెండబెట్టి దంచుకొన్న ఉప్పుడుబియ్యము తినుచుండుటచే, ఆ జీవకము గింజలోనికింకి నిలిచి, వారిని కాపాడుచుండెను. రెండు ప్రాంతములవారికిని పంట యొక్కటే, ధాన్య మొక్కటే. తేడా యంతయు దంపుడుపద్ధతిలో నున్నది. ఎక్రాయిడ్, కృష్ణన్ అను పరిశోధకులు 1941లో చెన్నరాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను గూర్చి ప్రత్యేకముగ వ్రాసిరి.

ఈ బెరిబెరి పరిశోధనమే నేటి మన జాతీయ పోషకాహారసంస్థకు బీజము. 1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థయందలి యొక గదిలో, మెకారిసన్ వైద్యుడు దానిని ప్రారంభించెను. ఆ గది పెరిగి పోషకాహార పరిశోధనశాల యయ్యెను. 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో జాతీయ పోషకాహారసంస్థ యను పేరు గైకొనెను. దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగా గల పేదలకు చర్మము నల్లబడి పగిలి, మనస్సు చలించు పెల్లాగ్రా వ్యాధి వచ్చుటను ఈ సంస్థయే శ్రద్ధతో పరిశీలించెను. జొన్నలోని లూసిన్ ఆధిక్యమే దీనికి మూలము కావచ్చునని గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు 1960లో ప్రతిపాదించిరి. మన పొలముల పంటలను, మన పేదల వ్యాధులను గూర్చి మన నగరముననే శాస్త్రము నిర్మింపబడినదను మాట మన బాలబాలికలలో నెందఱికి తెలియును?

ఇంకొక మాట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తన సోదరులను స్ప్రూ యను గ్రహణీరోగమునకు గోల్పోయిరి. తామును ఆ వ్యాధివలన మృత్యుముఖము వఱకు పోయి వచ్చిరి. ఆ దుఃఖమే వారిని అమెరికాకు నడిపించెను. అచట వారి నాయకత్వమున పరిశోధకులు ఫోలికామ్లమును 1945 ప్రాంతమున కృత్రిమముగ తయారుచేయగలిగిరి. నేడు గర్భిణీస్త్రీలకు ఇనుముతో కలిపి యిచ్చు మాత్రలో నున్నది ఆ ఫోలికామ్లమే. ఒక తెలుగువాడు లోకమునకు అందింపజేసిన మందు తెలుగు స్త్రీలచేతిలో నున్నను, వారిలో సగమునకు మించి రక్తహీనలుగనే యున్నారు. ఇంతకంటె చింతింపదగిన విషయ మేమున్నది? మందు కనుగొన్నంతమాత్రమున రోగము పోదు. ఆ మాత్ర వికారము పుట్టించినప్పుడు దానిని మానక యేవేళ వేసికొనవలెనో చెప్పువారు కావలయును. అన్నము తిన్నవెంటనే త్రాగిన తేనీరు ఇనుమును ఒంటబట్టనీయదనియు, అదే భోజనములో నుసిరిక గాని నిమ్మరసము గాని యున్నచో చక్కగ నొంటబట్టుననియు ఇంటింట బోధించువారు కావలయును. ప్రయోగశాలకును వంటయింటికిని నడుమ నొక వంతెన కావలయును. ఆ వంతెనయే ఆహారశాస్త్ర పట్టభద్రుడు.

ఈ విద్యను వంటచదువని నవ్వువారు ఒకసారి పాఠ్యక్రమమును చూచిన బాగుండును. మూడు లేక నాలుగేండ్ల పట్టవిద్యయందు విద్యార్థి శరీరధర్మశాస్త్రము, జీవరసాయనము, సూక్ష్మజీవిశాస్త్రము, ఆహారరసాయనము, గణాంకశాస్త్రము చదువవలయును. మూత్రపిండములు చెడినవానికి మాంసకృత్తు లెంత తగ్గింపవలెను, పొటాసియము ఎంత యీయవచ్చును, కాలిన శరీరముతో పడియున్నవానికి ఎంత శక్తి నీయవలెను అను లెక్కలు నేర్వవలయును. ఆపై రెండేండ్ల యుత్తమపట్టవిద్యయు, ఆసుపత్రి వంటశాలలోను రోగిశయ్యకడను అనుభవమును గడింపవలయును. ఈ లెక్కలో పొరపాటు వచ్చినచో, మందులో పొరపాటు వచ్చినంత అపాయము కలదు. ఇండియన్ డయెటిటిక్ అసోసియేషన్ వారు ప్రత్యేకపరీక్ష జరిపి యర్హులను నమోదు చేయుచున్నారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ఆహారనియమజ్ఞులను, పోషకాహారజ్ఞులను తన పట్టికలో చేర్చి గౌరవించినది. శాసనము గుర్తించినదానిని సంఘము గుర్తింపకుండుట విచిత్రము.

ఈ విద్య నభ్యసించినవారికి జీవనోపాధి లేదని మేము చెప్పము. నగరముల పెద్ద యాసుపత్రులు, ఆహారపదార్థముల కర్మాగారములు, వ్యాయామశాలలు, క్రీడాసంస్థలు వారిని పిలుచుచున్నవి. ఆ యుద్యోగములు గౌరవనీయములే. కాని అవసర మెచట నున్నది? నగరమున నొక ధనికుడు తన నడుము సన్నగించుకొనుటకు నెలనెల సొమ్ము చెల్లించి సలహా పొందుచున్నాడు. అంగన్వాడిలో నెత్తురులేని గర్భిణికి ఆ సలహా యుచితముగనైన దొరకుట లేదు. అంతేకాదు, శాస్త్రజ్ఞుడు పోని చోటికి మాయగాడు పోవును. నెలదినములలో పది కిలోలు తగ్గింతుమని ప్రకటించువారును, చూర్ణముల డబ్బా లమ్మువారును, ఒక్క దినుసుతో సర్వరోగములు మాన్పుదుమనువారును నేడు చదువుకొన్న గృహములలోనే విజృంభించుచున్నారు. తగిన విద్య పొందినవారు కొఱతపడినచోట ఇట్టివారి వ్యాపారము వర్ధిల్లుట సహజమే.

ప్రభుత్వము సొమ్ము వెచ్చించుట లేదని యనజాలము. 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమగ్ర శిశుసేవాపథకము నేడు దేశమున సుమారు 14 లక్షల అంగన్వాడి కేంద్రములుగ విస్తరించినది. పాఠశాలలలో మధ్యాహ్నభోజనము జరుగుచున్నది. సంక్షేమవసతిగృహములలో లక్షలాది విద్యార్థులు మూడుపూటల తినుచున్నారు. కాని ఈ విస్తరులలో నేమి వడ్డింపబడుచున్నది, దానిలో బిడ్డకు కావలసిన మాంసకృత్తులు, ఇనుము ఎంత యున్నది అని లెక్కచూచు విద్యావంతుడెచట? మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వైద్యుడు, నర్సు, మందులిచ్చువాడు కలరు. ఆహారము చెప్పువానికి సామాన్యముగ నందు చోటు లేదు. గృహవిజ్ఞానపట్టము పొందినవారు కొందఱు అంగన్వాడి పర్యవేక్షకులుగ నుండినను, వారి కాలము చాలవఱకు పట్టికలు నింపుటతోనే సరిపోవుచున్నది. బియ్యము, పప్పు, గ్రుడ్లు కొనుటకు కోట్లు వెచ్చించి, వానిని పోషణగా మార్చు జ్ఞానమునకు కొలదిపాటి జీతము లీయ వెనుదీయుట పొదుపు కాదు, దుబారాయే.

ఇచట నొక యాక్షేపణ వచ్చును. "పేదవానికి కావలసినది కూలి గాని యుపన్యాసము కాదు. కడుపునిండ తినుటకు లేనివానికి జీవకముల మాట యెందులకు?" అని యడుగువారు కలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు. కూలి పెరుగవలయును, పప్పు, పాలు, కూరలు పేదకు అందుబాటులోనికి రావలయును. దారిద్ర్యమును కప్పిపుచ్చుటకు శాస్త్రమును తెరగా వాడువారిని మేమును నిరసింతుము. అయినను బెరిబెరి కథను మరువరాదు. డెల్టాలో బియ్యమునకు కొదువ లేదు. దాని సారము నెఱుగమియే ప్రాణములు దీసెను. నేటి మధుమేహమో, కూలివాని గుడిసెను, వర్తకుని మేడను సమముగ దర్శించుచున్నది. కూలితోపాటు జ్ఞానమును కావలయును. పోషకాహారజ్ఞుడు తన లెక్కలతో కూలివాని పక్షమున సాక్ష్యమీయగలడు. ఇంత వేతనముతో ఇంతమంది గల కుటుంబము ఆరోగ్యముగ తినజాలదని యంకెలతో నిరూపింపగలవాడు అతడే.

కాబట్టి మేము మూడు విషయములు కోరుచున్నాము. మొదటిది విశ్వవిద్యాలయములకు: మీ విద్యార్థిని ఆసుపత్రి వంటశాలతో ఆపక, కొన్ని నెలలు పల్లెకు పంపుడు. 2017లో హైదరాబాదు సంస్థ ప్రకటించిన భారత ఆహారపదార్థముల పట్టికలో 528 పదార్థముల గుణములు కొలువబడినవి. ఆ యంకెలను గోంగూరగా, రాగిసంకటిగా, సజ్జరొట్టెగా, ఉలవచారుగా మార్చి తెలుగులో చెప్పగల పట్టభద్రుని తయారుచేయుడు. తల్లికి తెలియని భాషలో వ్రాసిచ్చిన ఆహారపట్టిక గోడనంటించు కాగితమే గాని వైద్యము కాదు. రెండవది ప్రభుత్వములకు: మండలమునకు ఒక్కరైనను పోషకాహారజ్ఞుని నియమింపుడు, వసతిగృహముల, అంగన్వాడుల వంటకములను పరీక్షించు నధికారమును వారికిండు. మూడవది తలిదండ్రులకు: ఇది కుమార్తెలకు మాత్రమే తగిన చదువని యెంచకుడు. మన కళాశాలలు గృహవిజ్ఞానమను పాతపేరును మార్చి సామాజికవిజ్ఞానమని పిలుచుచున్నవి. పేరు మారినట్లే మనస్సును మారవలయును. అన్నము స్త్రీపురుషు లిరువురును తినుచుండగా, అన్నశాస్త్రము స్త్రీలకే విడిచిపెట్టుట న్యాయమా?

మన రాజ్యాంగము 47వ అధికరణమున ప్రజల పోషణస్థాయిని, జీవనప్రమాణమును పెంపొందించుటయు, ప్రజారోగ్యమును మెఱుగుపఱచుటయు రాజ్యముయొక్క ప్రథమకర్తవ్యములలో చేరినవని శాసించుచున్నది. స్వరాజ్యము కోరిన తరమువారు కాగితముమీద వ్రాసి మనకిచ్చిన యాన యిది. దానిని విస్తరిమీదికి తెచ్చుట మన వంతు.

ఈ యేడు కళాశాలగుమ్మమున నిలిచి ఏ చదువు చదువుదునా యని యాలోచించుచున్న యువకుడా, యువతీ, మీతో మే మొక్కమాట చెప్పుచున్నాము. వైద్యవిద్యలో స్థానము రానందున ఈ విద్యకు రాకుడు. రోగము రాకమునుపే దాని దారి కడ్డము నిలువవలయునను కోరిక యున్నచో రండు. ఆ కోరికతో చదివినవారికి పని కొఱతపడదు. మన యూరిలోని ప్రతి వంటయింటను, ప్రతి యంగన్వాడిలోను, ప్రతి వసతిగృహమునను అది యెదురుచూచుచున్నది.