డ్రమ్ముకు ఏడు కాగితాలు, ఎత్తేవాడికి ఒక్కటీ లేదు

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ గేటు దాటి ఒక డ్రమ్ము ప్రమాదకర వ్యర్థం బయటికి రావాలంటే, 2016 నిబంధనల ప్రకారం దాని వెంట ఫారం 10 ఉండాలి. మ్యానిఫెస్టు అంటారు. ఏడు కాపీలు, ఏడు రంగులు. తెల్లది కాలుష్య నియంత్రణ మండలికి, పసుపుది పంపినవాళ్ల దగ్గర, గులాబీది అందుకున్నవాళ్ల దగ్గర. ఇలా పోయి పోయి ఏడోది, బూడిద రంగుది, సరుకు రాష్ట్రం దాటితే పంపిన రాష్ట్రం మండలికి. అందులో లారీ నంబరు ఉంటుంది, బరువు ఉంటుంది, లోపలున్నది ఘనమా ద్రవమా బురదా అన్నదీ ఉంటుంది. ఆ డ్రమ్మును నింపి, మూత బిగించి, లారీ ఎక్కించిన మనిషికి మాత్రం గడి లేదు.

ఈ కాగితాల మీద నాకు కోపం లేదు. అవి ఉండాల్సిందే. తనిఖీ అంటే ఆ కాగితాలు చూడటమే అనుకోవడం మీదే నా అభ్యంతరం.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, ఇన్నాళ్లూ మన దగ్గర ఫోన్ల తయారీ అంటే ఎక్కువగా విడిభాగాలు బిగించడమే. 2025లో కేంద్రం 22,919 కోట్ల రూపాయలతో విడిభాగాల తయారీ పథకం తెచ్చింది. ఇక సర్క్యూట్ బోర్డులు కూడా ఇక్కడే పెద్ద ఎత్తున తయారవ్వాలని దాని ఉద్దేశం. మంచిదే. కానీ బోర్డు తయారీ స్క్రూలు బిగించే పని కాదు, రసాయనాల పని. అక్కర్లేని రాగిని ఆమ్లాలతో, క్షారాలతో కరిగించి తీసేస్తారు. రాగి నిండిన ఆ ద్రావణం, కడిగిన నీళ్లు, శుద్ధి చేశాక ట్యాంకు అడుగున మిగిలే లోహాల బురద, సోల్డర్ తెట్టు, సాల్వెంట్‌తో తడిసిన గుడ్డలు, ఖాళీ క్యాన్లు, అన్నీ ఎక్కడికో పోవాలి. నిబంధనల మొదటి షెడ్యూలులో 31వ వరుస ఎలక్ట్రానిక్స్ పరిశ్రమదే. శ్రీసిటీ నుంచి శ్రీపెరంబుదూరు దాకా, హోసూరు నుంచి సానంద్ దాకా ఈ పరిశ్రమ ఎక్కడ పెరిగితే అక్కడ ఈ పనీ పెరుగుతుంది.

ఈ పని ఎవరు చేస్తారు? కొన్నేళ్ల కిందట ఒక యూనిట్‌లో తనిఖీ జరుగుతుంటే వెంట ఉన్నాను. ఊరూ పేరూ ఇక్కడ అవసరం లేదు. అధికారులు వ్యర్థాల షెడ్డులో లేబుళ్లు చూశారు, తొంభై రోజులకు మించి నిల్వ లేదని రిజిస్టరులో తేదీలు సరిచూశారు, ఒలికితే ఆగడానికి కట్టిన గట్టు చూశారు. అన్నీ సక్రమమే. షెడ్డు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. చేతులకు రబ్బరు గ్లౌజులు, ప్యాకెట్ మడతలు ఇంకా పోలేదు. ఒకాయనను అడిగితే "పొద్దున్నే ఇచ్చారు సార్, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి" అన్నాడు. నలుగురిదీ ఒకటే దళితవాడ. కంపెనీ రోల్స్‌లో లేరు, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు మనుషులు. లోపల యూనిఫాం వేసుకుని లైను మీద కూర్చున్న పిల్లలకు వీళ్ల పేర్లు కూడా తెలియవు. అధికారులు వాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగాలని వాళ్ల చెక్‌లిస్టులో లేదు.

ఇది ఒక్క ఫ్యాక్టరీ సంగతే అనుకునేవాళ్లు, నమస్తే పథకం కింద కేంద్రం నమోదు చేసిన మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల లెక్క చూడండి. మూడింట రెండొంతులు ఎస్సీలే. ఫ్యాక్టరీ గోడ కట్టగానే ఆ లెక్క మారిపోతుందా? పైగా 2013 చట్టం ప్రమాదకర శుభ్రతను నిషేధించింది మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో. ఫ్యాక్టరీలో వ్యర్థజలాల ట్యాంకు కాగితం మీద ఆ రెండూ కాదు. అక్కడికి 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఉండేది: గాలిని పరీక్షించి అర్హుడైన వ్యక్తి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు తాడు ఉండాలి. ఇప్పుడు లేబర్ కోడ్‌లు వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ పేరు "ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్"గా మారింది. ఎవరికి ఫెసిలిటేటరో చెప్పనక్కర్లేదు.

శిక్షా తగ్గింది. పర్యావరణ పరిరక్షణ చట్టంలో అంతకుముందు అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ సవరణతో అది పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల జరిమానా అయింది. ఫోన్ల కంపెనీకి పదిహేను లక్షలు ఏపాటి?

బాబాసాహెబ్ 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. 1943 డిసెంబరులో ఝరియా బొగ్గు గనులకు వెళ్లినప్పుడు ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు తెప్పించుకోలేదు. గనిలోకి దిగారు, కార్మికులు ఉండే ఇళ్లు చూశారు. తనిఖీకి మన దగ్గరున్న కొలత అది.

దక్షిణ కొరియాలో శాంసంగ్ చిప్ ఫ్యాక్టరీలో పనిచేసిన హ్వాంగ్ యూ-మి 2007లో లుకేమియాతో చనిపోయింది. ఆమె తండ్రి టాక్సీ డ్రైవరు. కంపెనీ క్షమాపణ చెప్పింది 2018లో. ఆ పదకొండేళ్లూ కార్మికుల కుటుంబాలు అడుగుతూ వచ్చిందీ, కంపెనీ వ్యాపార రహస్యమంటూ అడ్డుపడిందీ ఒక్కదానికే: లోపల ఏ రసాయనాలు వాడుతున్నారు? రెగ్యులర్ ఉద్యోగి విషయంలోనే ఇంత పట్టింది. షెడ్డు దగ్గరి కాంట్రాక్టు కూలీ ఎక్కడ పనిచేశాడో రుజువు చేసే కాగితమే ఉండదు.

కాబట్టి తనిఖీ వ్యర్థాల షెడ్డు నుంచే మొదలు కావాలి, ముందుగా చెప్పకుండా జరగాలి. అక్కడ పనిచేసేవాళ్ల పేర్లు, ఎవరి కింద ఎన్నాళ్లుగా చేస్తున్నారు, రక్తపరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు అన్నవి నివేదికలో రాయాలి. మేనేజరు లేని చోట వాళ్లతో మాట్లాడాలి. లేబుల్ హిందీ, ఇంగ్లీషు, స్థానిక భాషల్లో ఉండాలని నిబంధన. మరి ఒడిశా నుంచి వచ్చిన కూలీకి ఎవరు చదివి వినిపించారో అడగాలి. నమూనా తీసేటప్పుడు యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలని నీటి చట్టం చెబుతుంది. గోడ పక్క వాడకూ ఒక మనిషిని పంపే హక్కు ఇవ్వాలి.

వ్యర్థాల వార్షిక రిటర్ను, ఫారం 4, ఏటా జూన్ 30 లోపు మండలికి చేరాలి. మీ మండలంలో ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉంటే దాని ఫారం 4, చివరి తనిఖీ నివేదిక సమాచార హక్కు కింద అడగండి. కాపీ వస్తే మాకు పంపండి, ప్రచురిస్తాం. ఇవ్వబోమని జవాబు వస్తే అదీ పంపండి.