మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు

"హకీం సాబ్, మేము బోరు నీళ్లు మరిగించి, గుడ్డతో వడగట్టి తాగుతున్నాం. అయినా పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు ఎందుకు వస్తున్నాయి?" హోసూరు, కృష్ణగిరి వైపు తల్లులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు అన్నదే దీనికి జవాబు. అయితే ఎందుకు పోదో తెలియకపోతే ఈ మాట చెవికెక్కదు. అందుకే ఈ వారం మందుల సంగతి పక్కనబెట్టి నీళ్ల లెక్క చెబుతాను.

బురద నీటిని గుడ్డతో వడగడితే మట్టి గుడ్డ మీద నిలుస్తుంది. షర్బత్‌ను వడగట్టి చూడండి, చక్కెర గుడ్డ మీద నిలవదు. అది నీటిలో పూర్తిగా కరిగిపోయింది. ఇలా కరిగి ఒకటైపోయిన దాన్నే మీ పిల్లల తొమ్మిదో తరగతి పుస్తకం ద్రావణం అంటుంది. ఎంత నీటిలో ఎంత పదార్థం కరిగిందో చెప్పేదే గాఢత. ఒక చెంచా చక్కెర గ్లాసు నీటిలో వేస్తే తీపి, బిందెడు నీటిలో వేస్తే చప్పన. చక్కెర మారలేదు, గాఢత మారింది. పిల్లలు ఈ పాఠాన్ని మార్కుల కోసం చదివి వదిలేస్తున్నారు. ఇంటి మీద ఉన్న ట్యాంకుకు దాన్ని ఎవరూ అన్వయించి చూపడం లేదని నా ఫిర్యాదు.

ఆ పని ఇప్పుడు చేద్దాం. మన పాత తూకంలో ఒక మాషా అంటే దాదాపు ఒక గ్రాము. వెయ్యి లీటర్ల ట్యాంకు నీటిలో ఒక మాషా ఫ్లోరైడ్ కరిగి ఉంటే గాఢత లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము అవుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటికి తగిన హద్దు అదే. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. అంటే నిండు ట్యాంకులో మాషాన్నర! చూపుకు, రుచికి, వాసనకు అందే మోతాదు కాదు. "మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి" అనే పెద్దల మాట ఇక్కడ పనికిరాదు.

ఇక మరిగించడం. జోషాందా కాచేటప్పుడు రెండు కప్పుల నీరు ఒక కప్పు అయ్యేదాకా మరిగిస్తాం. ఆవిరై పోయేది నీరే, మూలికల సారం గిన్నెలో ఉండి చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ కూడా అంతే. లీటరుకు 1.4 ఉన్న నీరు సగానికి మరిగితే 2.8 అవుతుంది. అలాగని నీళ్లు కాచడం మానకండి. మూత పెట్టి, బాగా తెర్లగానే దించితే తేడా స్వల్పమే, క్రిములు మాత్రం చస్తాయి. అర్ఖ్ తీయడం ఇందుకు పూర్తిగా భిన్నం. దేగ్ భప్కాలో పైకి లేచిన ఆవిరిని చల్లార్చి పడతాం, లవణాలు దేగ్ అడుగునే ఉండిపోతాయి. జోషాందాకూ అర్ఖ్‌కూ తేడా తెలిసిన మన ఇళ్లలో ఈ సంగతి అర్థం కావడం కష్టం కాకూడదు.

ఫ్లోరైడ్ ఎవరో కలిపినది కాదు. మన నేల కింది గ్రానైటు, నైస్ రాళ్లలోని ఖనిజాల నుండి నీటిలోకి దిగుతుంది. లోతు బోర్లలో నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ ప్రమాదం ఎక్కువ. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట వివరించింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ సంగతి తెలియనివారు లేరు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీటిని తెచ్చే హొగెనక్కల్ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అన్న మాట ఉంది. జపాన్ రుణంతో కట్టిన ఆ పథకం 2013లో ప్రారంభమైంది.

కొళాయి వచ్చినా కొన్ని ఇళ్లలో ఆ నీరు తాగడానికి మాత్రమే, వంటకు బోరు నీరే. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీటిని పీల్చుకుంటాయి, ఫ్లోరైడ్ కంచంలోకే వస్తుంది. చాయ్ ఆకులో సహజంగానే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, బోరు నీటితో కాస్తే రెండూ కలుస్తాయి. తాగేందుకు, వంటకు, చాయ్‌కి, జోషాందాకు మంచి నీరే వాడండి. బోరు నీరు స్నానానికి, బట్టలకు సరిపోతుంది.

ఆర్.ఓ. మిషను అమ్మేవాళ్లు టి.డి.ఎస్. మీటరు ముంచి చూపి, "నంబరు తక్కువే, భయం లేదు" అంటారు. ఆ మీటరు నీటిలోని లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుంది. అయిదు వందల్లో రెండు ఫ్లోరైడా, ఉప్పా అన్నది దానికి తెలియదు. మంచి ఆర్.ఓ. మిషను ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, నిజమే. కానీ పక్క గొట్టంలోంచి పారే నీటిలో దాని గాఢత మరింత పెరుగుతుంది. ఆ నీరు ఇల్లు తుడవడానికి వాడుకోండి, మేకల తొట్టిలో పోయకండి.

ఎనిమిదేళ్ల లోపు, చిగురు కింద పళ్లు తయారయ్యే వయసులో పడిన మచ్చను నా దగ్గరి ఏ మంజన్ గానీ, సఫూఫ్ గానీ పోగొట్టలేదు. పోగొడతామని డబ్బు తీసుకునేవారిని నమ్మవద్దు. పెద్దల్లో ఏళ్ల తరబడి మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతే అన్నీ వజవుల్ మఫాసిల్ అనుకొని నూనెలు రుద్దుతూ కూర్చోకూడదు. తాగే నీరు ఎక్కడిదో ముందు చెప్పండి, ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించండి.

తమిళనాడు నీటి సరఫరా, డ్రైనేజీ బోర్డుకు జిల్లాల్లో నీటి పరీక్షశాలలు ఉన్నాయి. శుభ్రమైన సీసాలో నీరు పట్టి, ఫ్లోరైడ్ పరీక్ష కావాలని నోరు తెరిచి అడగండి. కాగితం వచ్చాక తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో ఆ వరుస చదివించండి. వానల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో బోరు దిగిపోయాక ఇంకోసారి పరీక్ష చేయించాలి. ఒకే బోరులో రెండు కాలాల అంకెలు ఒకటిగా ఉండాలని లేదు.